గోడ అవతల మ్రోగిన గంట: ఆచార్య జగదీశ చంద్ర బోసు

పోచారం చెరువు పరిసర గ్రామాలలో ఈ మధ్య కొన్ని ఇండ్ల తలుపులపై ఒక క్రొత్త వస్తువు కానవస్తున్నది. తలుపు రెక్కపై ఒకటి, చౌకట్టుపై ఒకటి, అగ్గిపెట్టెకు మించని రెండు తెల్లని ముక్కలు. చూచినవారు అలంకారమని పొరపడవచ్చును, అది కాపలా. ఆ ఇంటి కుమారుడు దుబాయిలోనో, మస్కట్‌లోనో పనిచేస్తుంటాడు. తల్లిదండ్రులు కామారెడ్డి ఆసుపత్రికో, ఎల్లారెడ్డిలో పెండ్లికో పోయి ఇంటికి తాళం వేసిన నాడు ఎవరైనా ఆ తలుపు తెరచినచో, సముద్రానికి ఆవల ఉన్న కుమారుని సెల్‌ఫోను రెండు మూడు క్షణాలలో మ్రోగుతుంది. ఊరివారు దీనిని సెన్సర్ అంటున్నారు.

తీగ లేదు, మనిషి లేడు, వార్త ఎట్లు పోయినదని అడిగే విద్యార్థులకు వైఫై అనే రెండక్షరాల మాట చెప్పి ఊరకుండుట మాకు తృప్తి కలిగించలేదు. కంటికి కనిపించని తరంగం గోడలను దాటిపోయి ఆవలి గదిలోని గంటను మ్రోగించుట అనే వింతను మన దేశంలో మొట్టమొదట పదిమంది ఎదుట చేసి చూపినవారు ఒక కళాశాల అధ్యాపకులు. వారి వెనుక కర్మాగారం లేదు. చేతిలో ధనం లేదు. చెప్పుకోదగిన ప్రయోగశాల కూడా లేదు. ఆచార్య జగదీశ చంద్ర బోసు గారి పేరు మన విద్యార్థులకు చెట్లకు ప్రాణమున్నదని చెప్పిన శాస్త్రవేత్తగా మాత్రమే తెలుసు. ఆయన జీవితంలో తరంగాల అధ్యాయం అంతకు ముందటిది. మన తలుపు మీది తెల్లని ముక్కకు దగ్గరి చుట్టమైనది ఆ అధ్యాయమే. కావున ఈ వ్యాసంలో దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాము.

బోసు గారు 1858 నవంబరు 30న తూర్పు బెంగాలులో జన్మించారు. ఆ ప్రాంతం నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. తండ్రి భగవాన్ చంద్ర బోసు ప్రభుత్వ కొలువులో మేజిస్ట్రేటు. ఆ హోదా గల తండ్రులు తమ బిడ్డలను ఇంగ్లీషు బడికి పంపుట గౌరవ చిహ్నంగా భావించిన రోజులవి. భగవాన్ చంద్రుడు మాత్రం కుమారుని మొదట మాతృభాషలో బోధించే పల్లె బడికి పంపారు. అక్కడ జగదీశునికి కుడివైపున తండ్రి వద్ద పనిచేసే ఒక ముస్లిం సేవకుని కుమారుడు, ఎడమవైపున ఒక బెస్తవాని కొడుకు కూర్చునేవారు. వారి నోట విన్న పక్షుల కథలు, జలచరాల కథలే ప్రకృతిని శోధించాలన్న కోరికకు తనలో బీజం వేశాయని బోసు గారు 1915లో ఒక సభలో జ్ఞాపకం చేసుకున్నారు. బడి విడిచిన తర్వాత ఆ పిల్లలు జగదీశునితో కలిసి ఇంటికి వస్తే, ఆచారపరురాలైన తల్లి వారందరికీ ఏ భేదమూ లేక అన్నం పెట్టేదట. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే బల్లపై కూర్చునే కళాశాలలో ఈ సంగతి వేరుగా వ్యాఖ్యానించవలసిన అవసరం లేదు.

ఆయన బాల్యంలో మరియొక ఉపాధ్యాయుడు కలడు. అతడు బందిపోటు. ఈ కథను పాట్రిక్ గెడ్డెస్ 1920లో వెలువరించిన బోసు జీవిత చరిత్రలో చెప్పారు. మేజిస్ట్రేటుగా భగవాన్ చంద్రుడు ఒక దోపిడీ దొంగకు శిక్ష వేశారు. ఏండ్ల తరబడి జైలులో ఉండి విడుదలైన ఆ మనిషి తిన్నగా తనకు శిక్ష వేసిన మేజిస్ట్రేటు వద్దకే వచ్చి, తనకు ఎవరూ పని ఇచ్చుట లేదని మొర పెట్టుకున్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్లు అని మనకొక సామెత ఉన్నది. భగవాన్ చంద్రుడు అక్షరాలా ఆ పని చేశారు: చిన్న కొడుకును బడికి తీసికొనిపోయి తెచ్చే కొలువులో అతనిని పెట్టుకున్నారు. అతని భుజాల మీద కూర్చొని జగదీశుడు పాత దోపిడీల కథలు వినేవాడు. దేహం మీది గాయాల మచ్చలు చూచేవాడు. కొంతకాలానికి ఆ కుటుంబం పడవ మీద ప్రయాణిస్తుండగా దొంగల పడవలు వెంట తరిమాయి. తప్పించుకునే దారి లేదు. అప్పుడా సేవకుడు పడవ కప్పు మీద లేచి నిలిచి ఒక విచిత్రమైన కేక వేశాడు. అది వినిన వెంటనే తరుముతున్న పడవలు వెనుదిరిగిపోయాయి. ఆ కేకకు అర్థం వేసినవానికి, విన్నవారికి మాత్రమే తెలుసు. మనసులో నాటుకొనిపోయే ఇట్టి సంఘటన తర్వాతి శాస్త్రవేత్తను తయారు చేసినదని చెప్పుట అతిశయోక్తి కావచ్చును. అయినా సంకేతమంటే ఏమిటో, గ్రహించగల చెవి ఉన్నప్పుడే దానికి విలువ కలుగునని ఆ పిల్లవాడు చిన్ననాడే ప్రత్యక్షంగా చూచాడు.

తర్వాతి చదువు గురించి క్లుప్తంగా చెప్పుకుందాము. కలకత్తాలో హేర్ స్కూలు, సెంట్ జేవియర్స్ పాఠశాల, అదే పేరు గల కళాశాల. అక్కడ ఫాదర్ లాఫాఁ అనే అధ్యాపకుడు ప్రయోగాలు చేసి చూపుతూ భౌతికశాస్త్రం బోధించేవారు. ఆ ప్రభావం శిష్యునిలో కడవరకు నిలిచినది. 1880లో వైద్యవిద్యకై ఇంగ్లాండుకు వెళ్ళిన బోసు గారు తరచుగా వచ్చే జ్వరం వలన దానిని మానుకొని, కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో ప్రకృతిశాస్త్రాలు చదివి 1884లో పట్టభద్రులయ్యారు. లార్డ్ రేలీ వంటి దిగ్గజాలు అక్కడ ఆయన గురువులు.

1885లో స్వదేశానికి వచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యులుగా చేరారు. చేరుటయే కష్టమైనది. భారతీయులకు ఖచ్చితమైన శాస్త్రాలు బోధించే సామర్థ్యం లేదని కళాశాల పెద్దల అభిప్రాయం. వైస్రాయి సిఫారసు వలన ఉద్యోగం దొరికినను జీతం వద్ద ఆ అభిప్రాయం మళ్ళీ తల ఎత్తినది. ఆనాటి నియమం ప్రకారం ఐరోపా వానికి ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులే భారతీయునికి ఇస్తారు. బోసు గారిది తాత్కాలిక నియామకం కనుక అందులోనూ సగమే. లెక్క వేస్తే మూడింట ఒక వంతు! ఒకే గదిలో, ఒకే పాఠం, ఒకే విద్యార్థులకు.

ఆయన అర్జీలు పెట్టలేదు. రాజీనామా ఇవ్వలేదు. మానివేసినచో భారతీయుడు బోధించలేడన్న మాటకు తామే సాక్ష్యం ఇచ్చినట్లగును. తక్కువ జీతం పుచ్చుకున్నచో ఆ మాటను అంగీకరించినట్లగును. కనుక పాఠాలు చెప్పుతూ, నెల నెలా వచ్చే జీతాన్ని తిరిగి పంపుతూ పోయారు. ఇట్లు మూడు సంవత్సరాలు. ఇంటిలో ఐశ్వర్యం ఉండి చేసిన పని కాదిది. తండ్రి ప్రజల కొరకై ప్రారంభించిన పరిశ్రమలు నష్టపడి మోయలేనన్ని అప్పులు మిగిలి ఉన్నాయి. 1887లో వివాహం కూడా అయినది. భార్య అబలాదేవి మద్రాసులో వైద్యవిద్య అభ్యసించిన విదుషి. చివరకు ఆయన బోధనాశక్తిని చూచిన అధికారులు మనసు మార్చుకొని ఉద్యోగం స్థిరపరచి, గడచిన మూడేండ్లకు పూర్తి జీతం లెక్కగట్టి ఇచ్చారు. ఆ ధనం తండ్రి అప్పులకు పోయినది. జీతాల పట్టిక ముందు నిలిచి నిరుత్సాహపడిన యువ అధ్యాపకులు ఈ మూడేండ్ల సంగతిని తెలిసికొనదగును. అందరూ అట్లే చేయవలెనని మేము అనజాలము. ఇంటి పొయ్యి వెలుగుట కూడా ధర్మమే.

ప్రయోగశాల అంటారా, స్నానాల గదిని ఆనుకొని ఉన్న ఒక చిన్న గది దొరికినది. పరికరాలకు ప్రభుత్వ ధనం లేదు. పనిముట్లు ఎరుగని ఒక తగరం పనివానిని చేరదీసి, తామే నేర్పి, అతని చేత యంత్రాలు చేయించారు. రోజంతా పాఠాలు చెప్పి, మిగిలిన సమయంలో తమ జీతపు డబ్బుతో ప్రయోగాలు. 1894 నవంబరు 30న, తమ జన్మదినం నాడు, ఇకపై పరిశోధనకే జీవితమని సంకల్పించుకున్నారు.

ఆ కాలానికి విద్యుత్ తరంగాలు క్రొత్త వింత. 1888 ప్రాంతంలో హెర్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వాటిని ప్రయోగపూర్వకంగా నిరూపించి, 1894 జనవరి 1న చిన్న వయసులోనే కన్నుమూశారు. ఇంగ్లాండులో ఆలివర్ లాడ్జ్ ఆయన స్మృతిలో చేసిన ఉపన్యాసం అచ్చులో బోసు గారికి చేరినది. హెర్ట్జ్ తరంగాలు పొడవైనవి. వాటి గుణాలను చిన్న గదిలో పరీక్షించుట కష్టం. కాంతి వలె అవి వంగునా, ప్రతిఫలించునా అని చూడవలెనంటే తరంగాన్ని పొట్టిగా చేయవలెను. బోసు గారు 25 మిల్లీమీటర్ల నుండి 5 మిల్లీమీటర్ల వరకు పొట్టి తరంగాలను పుట్టించే యంత్రాన్ని తయారు చేశారు. దానిని ఒక పెట్టెలో పెట్టి చేతితో తీసికొనిపోవచ్చును. ప్రపంచంలో అప్పటికి ఎవరూ అంత పొట్టి తరంగాలతో అట్లు పనిచేయలేదు.

1895 ప్రాంతంలో కలకత్తా టౌన్ హాలులో జరిగిన ప్రదర్శన ఇందుకు ఫలం. ఒక గదిలో తరంగ జనకం. దానికి 75 అడుగుల దూరాన, మూడు గోడల ఆవల, గ్రాహకం. నడుమ బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు గారు స్వయంగా ఆసీనులై ఉన్నారు. బోసు గారు మీట నొక్కారు. తరంగం గవర్నరు గారి భారీ దేహం గుండా, గోడల గుండా పోయి ఆవలి గదిలో గంట మ్రోగించినది, పిస్తోలు పేల్చినది, కొంచెం తుపాకి మందును అంటించినది. సభికులకు కలిగిన ఆశ్చర్యాన్ని మనం ఊహించుకొనవచ్చును. తీగ లేని గంట అది. నేడు మన ఇంటి తలుపు మీది ముక్క చేసే పని సారాంశంలో అదే: ఇచ్చట ఒక మార్పు జరుగుతుంది, తరంగం గోడ దాటుతుంది, అచ్చట గంట మ్రోగుతుంది.

సామాన్యంగా ఇట్టి కథలలో అందరూ తరంగం పుట్టించిన వానినే మెచ్చుకుంటారు. మా దృష్టిలో బోసు గారి గొప్పతనం గంట ఉన్న వైపున ఉన్నది. గోడలు దాటి వచ్చేసరికి తరంగం మిక్కిలి నీరసిస్తుంది. ఆ నీరసించిన జాడను పట్టుకొనుటే అసలు కష్టం. అప్పటి గ్రాహకం గాజు గొట్టంలో పోసిన ఇనుప రజను. తరంగం తగిలినప్పుడు ఆ రజను ఒకదానికొకటి అంటుకొని విద్యుత్తును పోనిస్తుంది, గంట మ్రోగుతుంది. ఒకసారి అంటుకున్న రజను తనంతట విడిపోదు. ఎవరైనా గొట్టాన్ని తట్టి కదిలించవలెను. లేనిచో రెండవ సంకేతం వచ్చినను తెలియదు. ఒక్కసారి మొరిగి గొంతు మూసికొనిపోయిన కుక్కను ఎవరు కాపలా పెట్టుకుంటారు? పైగా బెంగాలు ఉక్కకు, తేమకు ఆ రజను త్రుప్పు పట్టేది. బోసు గారు రజను తీసివేసి, సన్నని ఉక్కు స్ప్రింగులను ఒకదానికొకటి తాకునట్లు పేర్చి, ఆ ఒత్తిడిని ఇష్టానుసారం సవరించుకునే గ్రాహకాన్ని నిర్మించారు. 1899లో పాదరసంతో పనిచేసే మరియొక గ్రాహకాన్ని రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. అది తట్టకయే తనంతట పూర్వస్థితికి వస్తుంది. తర్వాత గెలీనా అనే సీసపు ఖనిజంతో చేసినది మరింత సున్నితమైనది. కంటికి కనిపించే వెలుగును, కనిపించని తరంగాన్ని రెండింటినీ గ్రహించేది. దానిని ఆయన కృత్రిమ నేత్రంగా భావించారు.

ఇక్కడ ఒక్క క్షణం మన తలుపు వద్దకు పోదాము. ఈ సెన్సర్ల విషయమై విద్యార్థులు తరచుగా అడుగుతున్నారు కనుక వాటి అమరిక తెలుపుట అప్రస్తుతం కాదు. రెండు ముక్కలలో చిన్నది అయస్కాంతం. దానిని తలుపు రెక్కకు అంటించవలెను. పెద్దదానిలో గాజు గొట్టంలో ఇమిడిన రెండు సన్నని లోహపు రేకులు ఉంటాయి. తలుపు మూసి ఉన్నంతవరకు అయస్కాంతపు ఆకర్షణకు ఆ రేకులు కలిసి ఉంటాయి. తలుపు తెరవగానే విడిపోతాయి. తలుపు మూసినప్పుడు రెండు ముక్కల నడుమ వ్రేలి మందానికి మించిన ఎడం ఉండరాదు. ఇనుప తలుపులపై అయస్కాంతం శక్తి తగ్గును కనుక క్రింద చిన్న చెక్క ముక్క వేయుట మంచిది. రేకులు విడిపోయిన క్షణంలో లోపలి పరికరం నిద్ర మేల్కొని, రౌటర్‌కు వార్త పంపి, మళ్ళీ నిద్రపోతుంది. అందుచేతనే చిన్న బ్యాటరీ నెలల తరబడి వస్తుంది.

మొదటిసారి అమర్చేటప్పుడు సెల్‌ఫోనులోని యాప్ ద్వారా ఇంటి వైఫై పేరు, రహస్య పదం సెన్సర్‌కు తెలుపవలెను. ఇచ్చటనే చాలామంది విసిగిపోతున్నారు. ఇట్టి సెన్సర్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలనే గుర్తిస్తాయి. రౌటర్ 5 గిగాహెర్ట్జ్ పేరుతో మరియొక దారి కూడా ఇస్తున్నచో, ఫోనును మొదటి దారిలో ఉంచి జోడించవలెను. 2.4 వారి తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, రెండవది దానిలో సగంకన్న తక్కువ. పొడవైనది గోడలను మెరుగుగా దాటుతుంది. మన పల్లెలలోని పాత ఇండ్ల మట్టిగోడలు మిక్కిలి మందం. రౌటర్‌ను వెనుక గదిలో బీరువా ప్రక్కన పెట్టి ముందరి తలుపు పలుకుట లేదని సెన్సర్‌ను నిందించుట న్యాయం కాదు. ఇక రహస్య పదం అమ్మినవాడు పెట్టినదే ఉంచుట, ఇంటికి తాళం వేసి చెవిని గడప మీద పెట్టుట, రెండూ ఒకటే.

నడకను కనిపెట్టే సెన్సర్ మరియొక జాతి. అది మనిషి దేహపు వేడిని చూస్తుంది. ఎదురుగా వచ్చేవానికన్న అడ్డంగా నడిచేవానిని త్వరగా గుర్తిస్తుంది; కావున గది మూలలో ఏడడుగుల ఎత్తున పెట్టుట వాడుక. ఎండ పడే కిటికీకి ఎదురుగా పెట్టరాదు. పోచారం అడవి అంచు గ్రామాలలో వరండాలో పెట్టినవారికి కోతులు విశ్రాంతి లేక వార్తలు పంపుతున్నాయి! రోజుకు ఇరువది సార్లు మ్రోగిన ఫోనును ఇరువది ఒకటవసారి ఎవరూ చూడరు. దొంగ వచ్చేది ఆ ఇరువది ఒకటవసారియే కావచ్చును. అందుచేత గదిలోపల పెట్టుట మేలు. కరెంటు పోయినప్పుడు సెన్సర్ తన బ్యాటరీపై మేలుకొనియే ఉంటుంది గాని రౌటర్ ఆగిపోతుంది; దానిని ఇన్వర్టరుకు కలుపని ఇంట కాపలా సగమే. అన్నిటికన్న ముఖ్యం, వార్త ఎవరికి పోవుచున్నది? దుబాయిలోని కుమారుడు వినగలడు, రాలేడు. ప్రక్కింటి బాబాయి ఫోనుకు కూడా అదే వార్త పోవునట్లు యాప్‌లో రెండవ పేరు చేర్చవలెను. అమర్చిన పిదప తలుపు తెరచి, ఇద్దరి ఫోనులూ మ్రోగినవని చూచుకున్న నాడే పని పూర్తి అయినట్లు.

మళ్ళీ బోసు గారి వద్దకు వద్దాము. 1896లో లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ఇచ్చినది. 1897 జనవరి 29న లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యసించారు. అచ్చటి పండితులను ముగ్ధులను చేసినది ఖరీదైన సామగ్రి కాదు. తరంగం ఏ దిశలో కంపిస్తున్నదో వడకట్టుటకు ఆయన మెలిపెట్టిన జనుపనారను వాడారు. రైల్వే వేళల పుస్తకం పుటల నడుమ తగరపు రేకులుంచి అదే పని చేయించారు. బెంగాలులో జనుపనార ఎవరి ఇంటనైనా దొరుకుతుంది. మన ప్రయోగశాలలో పరికరాలు లేవని సంవత్సరమంతా చెప్పుకునే మాకు ఆ జనుపనార కొంత ఇబ్బంది కలిగించకపోలేదు.

పేటెంటు విషయంలో ఆయన వైఖరి నేటివారికి వింతగా తోచును. తంతి వ్యాపారంలో ధనవంతుడైన ఒకాయన లండన్‌లో ఆయన బసకు వచ్చి, ఆ గ్రాహకపు రహస్యాన్ని ఉపన్యాసంలో బయటపెట్టవద్దని, పేటెంటు తీసికొని లాభంలో పాలు పంచుకుందామని బతిమాలాడు. బోసు గారు నిరాకరించి, ఆ సంగతిని 1901లో మిత్రుడు రవీంద్రనాథ్ ఠాగూరుకు జాబు వ్రాశారు. జ్ఞానం అమ్మకపు వస్తువు కాదన్నది ఆయన మతం. తుదకు సోదరి నివేదిత, అమెరికా మహిళ సారా బుల్ వంటి శ్రేయోభిలాషుల పట్టుదల వలన గెలీనా గ్రాహకానికి 1901లో అమెరికాలో దరఖాస్తు పెట్టబడినది. సోదరి నివేదిత పుట్టుకతో ఐర్లాండు వనిత; మన దేశాన్నే తన ఇల్లు చేసికొన్నది. 1904 మార్చి 29న 755840 సంఖ్యతో ఆ పేటెంటు లభించినది. బోసు గారు దాని ద్వారా ధనం సంపాదించుటకు ప్రయత్నించలేదు. తరంగాన్ని పట్టుటకు అర్ధవాహక స్ఫటికాన్ని మొదట వాడినవారు ఆయనే అని ట్రాన్సిస్టరు నిర్మాతలలో ఒకరైన వాల్టర్ బ్రాటన్ తర్వాతి కాలంలో గుర్తించారు.

ఆ 1901 డిసెంబరులోనే మార్కోనీ అట్లాంటిక్ సముద్రం మీదుగా సంకేతం అందుకున్నారు. ఆయన వాడిన పాదరసపు గ్రాహకం బోసు గారు 1899లో ప్రకటించిన దానికి సంబంధించినదేనని 1998లో ఒక పరిశోధకుడు అమెరికా ఇంజనీర్ల పత్రికలో సాక్ష్యాధారాలతో వాదించారు. 1909 నోబెల్ బహుమతి మార్కోనీకి, బ్రౌన్‌కు వచ్చినది. దీనిని బట్టి వైఫైని కనుగొన్నది బోసేనని మనవారు కొందరు ఉత్సాహంతో ప్రచారం చేస్తున్నారు. మేము అంగీకరించము. దూరాలకు వార్తలు పంపే వ్యవస్థను నిర్మించుటకై ఏండ్ల తరబడి శ్రమించినవారు మార్కోనీ. బోసు గారు తరంగపు స్వభావాన్ని తెలిసికొనుటకై శ్రమించారు. వైఫై పుట్టినది ఆయన మరణానికి అరువది ఏండ్ల తర్వాత, అనేకుల చేతులలో. లేని కిరీటం పెట్టినప్పుడు ఉన్న కిరీటం కనిపించదు. ఉన్నది తక్కువదా? ఈనాడు క్రొత్తగా వస్తున్న కొన్ని సెన్సర్లు కదలక నిద్రించే మనిషిని కూడా అతని శ్వాసకు ఛాతీ కదులుటను బట్టి గుర్తిస్తాయి. అవి వాడేది 24 లేక 60 గిగాహెర్ట్జ్ తరంగాలు. పొడవులో చెప్పినచో పన్నెండున్నర మిల్లీమీటర్లు, 5 మిల్లీమీటర్లు. స్నానాల గది ప్రక్క గదిలో 1895 నాటికి బోసు గారు పుట్టించిన తరంగాల హద్దులోనివే ఈ రెండూ.

తర్వాతి కథ సుప్రసిద్ధం. విరామం లేక పనిచేసిన గ్రాహకం అలసినట్లు మందగించుట, కొంత విశ్రాంతి ఇచ్చినచో కోలుకొనుట ఆయన గమనించారు. లోహమే అలసినప్పుడు మొక్క మాట ఏమిటన్న ప్రశ్న ఆయనను వృక్షశాస్త్రం వైపు లాగినది. 1902లో జీవ, నిర్జీవ పదార్థాల ప్రతిస్పందనపై గ్రంథం వెలువడినది. మొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ యంత్రం వచ్చినది. లండన్ శరీరశాస్త్రజ్ఞులు కొందరు తీవ్రంగా వ్యతిరేకించారు. అందులో కొంత న్యాయమైన విమర్శ, కొంత భౌతికశాస్త్రజ్ఞుడు తమ పొలంలో అడుగు పెట్టినాడన్న కోపం. 1915లో ఉద్యోగ విరమణ, 1917లో సర్ బిరుదు, 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం.

1917 నవంబరు 30న, తమ ఏబదితొమ్మిదవ జన్మదినాన, కలకత్తాలో బోసు విజ్ఞాన మందిరాన్ని జాతికి అంకితం చేశారు. ఆ రోజులలోనే మన పోచారం వద్ద ఆలేరు వాగుపై కట్ట లేస్తున్నది. 1916లో మొదలైన ఆ పని 1922లో పూర్తి అయినది. స్నానాల గది ప్రక్కన తాము పడిన పాట్లు తర్వాతి తరం పడరాదన్నది విజ్ఞాన మందిరం వెనుక ఉన్న తలంపు. అచ్చట కనుగొన్నవి అందరివీ కావలెనని, పేటెంట్ల ద్వారా ఎవరి సొత్తూ కారాదని ఆనాడే ఆయన నిర్ణయించారు.

1937 నవంబరు 23న, డెబ్బదితొమ్మిది నిండుటకు వారం రోజుల ముందు, గిరిడీలో బోసు గారు పరమపదించారు. 2012లో అంతర్జాతీయ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఆయన మిల్లీమీటరు తరంగాల ప్రయోగాలను చరిత్రలో మైలురాయిగా ప్రకటించి, ప్రెసిడెన్సీ కళాశాలలో ఫలకం ఉంచినది. మూడేండ్లు ఆయన జీతం పుచ్చుకొనక పాఠాలు చెప్పిన కళాశాల అదే. ఆయన చేతి పరికరాలు కలకత్తాలో బోసు విజ్ఞాన మందిరపు ప్రదర్శనశాలలో భద్రపరచబడి ఉన్నాయి. మన విద్యార్థులు ఎప్పుడైనా ఆ నగరానికి విహారయాత్రకు పోయినచో హౌరా వంతెనతో తృప్తిపడక ఆ గదిలోకి కూడా తొంగి చూడవలెను. స్ప్రింగుల గ్రాహకాన్ని, తగరం పనివాని చేత తాము చేయించిన పరికరాలను దగ్గరగా చూడవచ్చును.